వెనక సీటుకు చెప్పని పాఠం

బందరులో మా డ్రైవింగ్ స్కూలుకు వచ్చే ఆడవాళ్లను మొదటిరోజు నేను స్టీరింగు ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. కారులో కూర్చోబెట్టి, తలుపులన్నీ వేసి, కళ్లు మూసుకోమని చెప్పి, "ఇప్పుడు దిగండమ్మా" అనేదాన్ని. ఆ రోజుకి పాఠం అంతే. బెల్టు బటన్ ఎక్కడుందో, లాకు ఎటు లాగాలో, తలుపు పిడి ఎంత దూరంలో ఉందో కంటికి కాదు, చేతికి తెలియాలి. కొందరు నవ్వేవారు. కొందరు, మేం చేరింది దిగడం నేర్చుకోవడానికా అన్నట్టు ముఖం పెట్టేవారు.

మగవాళ్లకు నేర్పే మాస్టారు ఇంకొకడు ఉండేవాడు. నాకన్నా బాగా చిన్నవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. మా ఇద్దరికీ ఎత్తిపొడుపులు లేని రోజు లేదు.

"అక్క దగ్గర చేరండమ్మా, చేరండి. నెల తిరక్కుండా కారు దిగడం గ్యారంటీగా వచ్చేసిద్ది" అని ఆఫీసు గుమ్మంలో నిలబడి కొత్తవాళ్లతో అనేవాడు.

"నీ దగ్గర చేరితే ఎక్కడం వచ్చిద్దిలే, డివైడరు మీదికి" అనేదాన్ని. మా యజమాని లోపల నుంచి దగ్గి ఊరుకునేవారు. ఆయనకు అదే నవ్వు.

ముందు దిగడం నేర్పాలన్న ఆలోచన నాది కాదు, మా నాన్నది. ఆయన ఒక ఆసుపత్రిలో జీపు నడిపేవారు. నాకు చిన్నప్పుడు ఉబ్బసం. బడికి పంపితే సుద్దముక్కల దుమ్ముకే ఆయాసం వచ్చి ఎవరో ఒకరు ఎత్తుకుని ఇంటికి తెచ్చేవారు. అందుకని అమ్మ బడి మాన్పించి, బైబిలు ముందు పెట్టి ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. సాయంత్రం నాన్న వచ్చి లెక్కలు చెప్పేవారు. తరవాత పరీక్షలన్నీ ప్రైవేటుగా రాసి గట్టెక్కాను. ఎదిగాక జీపు కూడా నాన్నే నేర్పారు. మొదటిసారి ఎక్కించినప్పుడు ఆయన అన్న మాట: "మనం కాలవ గట్ల మీద నడిపేవాళ్లం తల్లీ. ఎక్కగానే దిగే దారి చూసుకో. తరవాతే గేరు." ఇంట్లో కూర్చుని చదువుకున్నదాన్నని నేనెప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. ఆ ఇద్దరు గురువులూ దొరికినందుకు ఈ రోజుకీ పొద్దున ప్రార్థనలో స్తోత్రం చెప్పుకుంటాను.

కొత్తగా బండి కొనుక్కున్న పిల్లలు ఇది చదువుతారని రాస్తున్నాను. నేను ఉద్యోగం మానేసే ముందు సంవత్సరాల్లో మా రోడ్ల మీదికి కరెంటు కార్లు వచ్చాయి. చప్పుడు లేదు, పొగ లేదు, నాలాంటి ఉబ్బసం మనిషికి అంతకన్నా ఏం కావాలి? అయితే కొన్నిటిలో తలుపుకు పిడి ఉండదు. బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. బయట పిడి కూడా తలుపులోకి అణిగిపోయి ఉంటుంది, తాళం దగ్గరికొస్తే అదే పైకి లేస్తుంది. చూడ్డానికి ముచ్చటే. మరి కరెంటు పోతేనో?

పోదులే, అంత పెద్ద బ్యాటరీ ఉందిగా అంటారు అందరూ. అక్కడే ఉంది తిరకాసు. బండిని నడిపించే పెద్ద బ్యాటరీ వేరు. తలుపులు, అద్దాలు, లైట్లు చూసుకునే చిన్న బ్యాటరీ వేరు. పెద్దది నిండుగా ఉన్నా చిన్నది చచ్చిపోతే బటన్ పలకదు. అలాంటప్పుడు లోపలివాళ్లు చేత్తో లాగి తెరుచుకోవడానికి ఎక్కడో ఒకచోట ఏర్పాటు ఉంటుంది. ముందు తలుపులకు తేలిగ్గానే కనబడుతుంది. వెనక తలుపులకు మాత్రం దాచిపెట్టినట్టు ఉంటుంది, కొన్ని బండ్లలో అసలే ఉండదు. మీ బండిలో ఎక్కడుందో బండితో ఇచ్చిన పుస్తకం చూసి, వేలుపెట్టి చూసి తెలుసుకోవాలి. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఒక సగం వదిలేశానని నాకు చెప్పినావిడ దివిసీమలో ఒక ముసలావిడ.

నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఒక నర్సమ్మ ఉండేది. బందరులో ఉద్యోగం. భర్తకు ఇక్కడే మందుల షాపు. వాళ్ల సొంతూరు పులిగడ్డ దాటాక లోపలికి వెళ్లే పల్లెటూరు. చర్చికి ఆనుకునే ఇల్లు. ఆ ఇంట్లో భర్త తరఫు నాయనమ్మ ఉండేది, అందరికీ మామ్మ. నర్సమ్మ కరెంటు కారు కొనుక్కుంది. మావాళ్లలో కొత్త బండి కొంటే ప్రతిష్ఠ ప్రార్థన జరిగేదాకా రోడ్డు మీద తిప్పరు. ఆ ప్రార్థన తన చేతుల మీదుగా తన వాకిట్లోనే జరగాలని మామ్మ పట్టుబట్టిందట. షోరూము మనిషి బండిని లారీ మీద తిన్నగా పల్లెకు తీసుకెళ్లి రేకుల షెడ్డులో పెట్టి వచ్చాడు. తీరా పాస్టరుగారు కన్వెన్షన్లకు ఊళ్లు తిరుగుతున్నారు. బండి వారాల తరబడి అలా నిలబడే ఉంది.

ఒక ఆదివారం నేనూ నర్సమ్మా ఆ షెడ్డులో కూర్చుని నిలబడిన కారులోనే పాఠం చెప్పుకున్నాం. ముందు తలుపుకి అద్దాల బటన్ల పక్కన చిన్న మీట. వెనక తలుపుకి అడుగున సీసాలు పెట్టుకునే అర ఉంది చూడండి, దాని అడుగున రబ్బరు చాప, చాప కింద చిన్న మూత, మూత కింద ఒక తాడు. ఆ తాడు లాగితే తలుపు తెరుచుకుంటుంది. నర్సమ్మ ఒకటికి పదిసార్లు లాగి చూసింది.

"ఇంత లోపల పెట్టారేంటండీ మేడమ్, మా మామ్మ డబ్బులు దాచుకున్నట్టు?" అని నవ్వింది.

మేం నవ్వుకుంటున్నాం, మామ్మ అరుగు మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. ఆవిణ్ణి పిలిచి చూపించాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నడిపేది ఆవిడ కాదుగా.

ప్రార్థన రోజు మమ్మల్ని కూడా పిలిచారు. నేను, తమ్ముడు బస్సులో వెళ్లాం. ఎండలు ముదిరిన రోజులు. వాకిట్లో షామియానా, కుర్చీలు, వెనక పెద్ద డేగిశాలో బిర్యానీ. కారును షెడ్డులోంచి నలుగురు కలిసి నెట్టి వాకిట్లో పెట్టారట. స్టార్టు చేస్తే ప్రార్థనకు ముందే నడిపినట్టవుతుందని మామ్మ ఒప్పుకోలేదు. దాని నిండా బంతిపూల దండలు, చుట్టూ గులాబీ రంగు రిబ్బను. లోపల కింద నీలం లైట్లు వెలుగుతున్నాయి.

"ఇవి పగలు కూడా వెలుగుతాయా?" అన్నాడు తమ్ముడు.

నర్సమ్మ భర్త గర్వంగా చెప్పాడు. "గుడివాడ నుంచి మనిషిని పిలిపించి షెడ్డులోనే వేయించానండీ. ముందో కెమెరా, వెనకో కెమెరా కూడా. బండి ఆపేసినా అవి ఆగవు. వేసిన కాడ్నించీ ఒక్క క్షణం ఆర్పలేదు. సాయంత్రమైతే ఊరంతా ఇక్కడే."

తమ్ముడు నావైపు చూశాడు. నేనూ అతనివైపు చూశాను. చిన్న బ్యాటరీ సంగతి ఇద్దరికీ మెదిలింది కాబోలు. ఈలోపు మామ్మ నా చెయ్యి పట్టుకుని అరుగు మీదికి లాగేసింది.

ఆవిడకు వినికిడి బాగా తక్కువ. చెవికి మిషన్ కొనిపెడితే, అది ఈల వేస్తోందని తీసి గూట్లో పెట్టింది. మాటలన్నీ ఆవిడే మాట్లాడాలి, మనం తల ఊపాలి. "చేతులు చూడవే అమ్మాయ్, ఎట్టా ఉన్నాయో! ఈ సీమలో నేను కలుపు తియ్యని చేను లేదు. ముప్పై మంది ఆడోళ్లు నా ఎనక. మేస్త్రిని నేను. నేను వంగితేనే వాళ్లు వంగాలి, నేను లేస్తేనే లేవాలి" అంది. ఆ చేతులు నా చేతుల్లో వేరుముక్కల్లా గట్టిగా ఉన్నాయి.

పాస్టరుగారు రోడ్డు మలుపులో ఉన్నారని కబురొచ్చింది. ఇంటికి పెద్దది, ముందు మామ్మను కూర్చోబెట్టాలన్నారు. నర్సమ్మ తాళం నొక్కితే ఒకసారి ఆలోచించినట్టు ఆగి వెనక తలుపు తెరుచుకుంది. రిబ్బను పైకెత్తి పట్టుకుని మామ్మను లోపల కూర్చోబెట్టారు. చెయ్యి పట్టుకుని ఆవిడ చీర సర్దుతుండగా ఎవరిదో మేక వచ్చి తలుపు మీది బంతిదండ అందుకుంది.

"హేయ్! తలుపెయ్యండి, తలుపెయ్యండి!" అని ఒకరు మేకను తరిమారు, ఒకరు తలుపు వేశారు. అందరూ పాస్టరుగారికి ఎదురెళ్లారు. వందనాలయ్యగారూ, వందనాలమ్మా అనుకుంటూ వెనక్కి వచ్చేసరికి నీలం లైట్లు ఆరిపోయి ఉన్నాయి.

నర్సమ్మ తాళం నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. పిడి పైకి లేవలేదు. గోరుతో పీకితే గోరు విరిగింది. ఆ బండికి బయట తాళం పెట్టే కన్నం కూడా లేదు. షామియానా నీడ కుర్చీల దాకే ఉంది, కారు మొత్తం ఎండలో ఉంది. లోపల మామ్మ, అద్దాలన్నీ పైకి, గాలి ఆడదు. ఆవిడ మాత్రం ఇంకా అందరికీ చెయ్యి ఊపుతోంది.

భర్త షోరూముకు ఫోను చేశాడు. మనిషిని పంపిస్తాం, బందరు నుంచి రావాలి అన్నారు. తమ్ముడు బానెట్ దగ్గరికి పరిగెత్తాడు. "బయట నుంచి చిన్న బ్యాటరీకి కరెంటు అందించొచ్చక్కా. కానీ బంపరు పక్కన మూత ఊడదీయాలి, వైర్లు కావాలి. ఎవరిదైనా ట్రాక్టరు బ్యాటరీ పట్రండయ్యా!" అని కేకేశాడు. ఇద్దరు మోటారు సైకిళ్ల మీద పోయారు. షామియానా తాళ్లు విప్పి కారు మీదికి లాగమన్నాను. కొంచెం నీడ వచ్చింది. లోపల వేడి లోపలే ఉంది. మామ్మ ముఖం మీద చెమట కనిపించింది. చెయ్యి ఊపడం ఆగింది. ఆవిడ బటన్ నొక్కి చూసి, మావైపు చూసింది.

అప్పుడు నర్సమ్మ భర్త పెరట్లోంచి గడ్డపార తెచ్చాడు. తప్పేం కాదు, ప్రాణం కన్నా అద్దం ఎక్కువా? నేనే చెప్పాను, "ఆవిడకు దూరంగా, ముందు ఎడంవైపు అద్దం, మూలమీద కొట్టండి" అని. అతను గడ్డపార ఎత్తాడు. లోపల మామ్మ చూసింది. గబుక్కున రెండు ముందు సీట్ల మధ్యకు వంగి తలా, రెండు చేతులూ ఆ అద్దం వైపు చాపేసింది. మూతి కదలడం చూస్తే వినపడకపోయినా అర్థమైంది. కొత్త బండి రా ఎదవా!

అతను వెనక ఎడంవైపుకు పరిగెత్తాడు. మామ్మ సీటు మీద జరుక్కుంటూ అక్కడికి వచ్చి అద్దానికి ముఖం ఆనించింది. వెనక్కి వెళ్తే అటు తిరిగింది. ఎటు వెళ్లినా ఎదురే. వాకిట్లో ఎవరో నవ్వారు, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకంటే మామ్మ ఆయాసపడుతోంది. ఆయాసం ఎలా ఉంటుందో నాకు ఒకళ్లు చెప్పక్కర్లేదు.

"మామ్మా, కింద తాడుంది! తాడు లాగు!" అని నర్సమ్మ అద్దం మీద కొడుతూ ఏడుస్తోంది. పక్కన మైకు, చుట్టూ కేకలు. చెవులున్నవాళ్లకే వినపడదు. కాగితం మీద రాద్దామంటే ఆవిడకు అక్షరాలు రావు. ముందు తలుపు మీట సీట్లు దాటి ఆవిడ చేతికి అందదు. నేను వేలితో కిందికి చూపిస్తే ఆవిడ కాళ్ల వైపు చూసుకుని చెప్పులు సర్దుకుంది. నాకు తోచినవన్నీ అయిపోయాయి. "ప్రభువా, ఏదో ఒకటి చూపించు" అనుకున్నాను. కళ్లు మూసుకునే తీరిక కూడా లేదు.

ఏం తట్టిందో, ఎలా తట్టిందో నేను చెప్పలేను. మామ్మ కూర్చున్న అద్దానికి ఎదురుగా నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పట్టుచీర కుచ్చెళ్లు పైకెత్తి నడుముకు దోపాను. ఎడంచెయ్యి మోకాలి మీద పెట్టి వంగి, కుడిచేత్తో నేల తడిమి, దొరికించుకుని, పీకి, పక్కన పారేశాను. మళ్లీ వంగాను. మళ్లీ పీకాను.

"అక్కా! ఏమైందక్కా నీకు?" అన్నాడు తమ్ముడు. పాస్టరుగారు కూడా నావైపే చూస్తున్నారు. ఎండదెబ్బ అనుకుని ఎవరో మజ్జిగ తెస్తున్నారు.

మామ్మ మాత్రం ఆగి చూసింది. చూసి, తల అడ్డంగా ఊపింది. అలా కాదు అన్నట్టు వేళ్లు చూపించింది. నేను మొక్కను పైన పట్టుకుంటున్నానట! పైన పట్టుకుంటే తెగుతుంది, వేళ్లు బురదలోకి దించి మొదలు పట్టుకోవాలి. అంత ఆయాసంలోనూ చేత్తో చేసి చూపించింది. నేను తల ఊపి, ఆవిడ చెప్పినట్టే చేశాను. వేళ్లు దించాను, తడిమాను, మొదలు పట్టుకున్నాను, పీకాను. ఆ వంగిన వంపులోనే పరుగున వెళ్లి అద్దం బయట నుంచి తలుపు అడుగు చూపించాను. అక్కడ. అక్కడ తియ్యి.

ఆవిడ తలుపు అర వైపు చూసింది. వంగింది. అప్పుడు ముఖంలో మామ్మ పోయి మేస్త్రి వచ్చింది. ముందు సీసా తీసి పక్కన పెట్టింది. రబ్బరు చాప తీసింది. మూత గోటికి అంది ఊడింది. చెయ్యి మణికట్టు దాకా లోపలికి వెళ్లింది, కళ్లు మావైపు లేవు, ఎటూ లేవు, వేళ్లతో వెతుకుతోంది. భర్త గడ్డపార ఎత్తి నావైపు చూస్తున్నాడు. "ఇంకొక్క క్షణం. ఆవిడకు దొరకకపోతే కొట్టెయ్యి" అన్నాను.

దొరికింది. ఒక్క గుంజు.

తలుపు రెండు వేళ్ల సందు తెరుచుకుని రిబ్బనుకు తట్టుకుని ఆగింది. కత్తెర పళ్లెంలో పెట్టుకుని ఒకావిడ నిలబడే ఉంది, ఎవరికీ అది కనబడలేదు. మామ్మ భుజం ఆనించి తోసింది. రిబ్బను ఫట్‌మని తెగింది. నర్సమ్మ, నేను ఆవిణ్ణి పట్టుకుని నీడలోకి తెచ్చాం. నర్సమ్మ ఏడుపు ఆపి ఒక్కసారిగా ఆసుపత్రి మనిషి అయిపోయింది. తడిగుడ్డ, విసనకర్ర, కొంచెం కొంచెం నీళ్లు, నాడి. కాసేపటికి మామ్మ ఊపిరి నెమ్మదించింది. అప్పటికి ట్రాక్టరు బ్యాటరీ వచ్చింది.

మామ్మ పాస్టరుగారి వైపు చూసింది. "తప్పైపోయిందయ్యగారూ, రిబ్బను నేనే తెంపేశాను" అంది. తరవాత నావైపు తిరిగి, "నీకు కలుపు తియ్యడం ఎవురు నేర్పారే అమ్మాయ్? నా ముఠాలో అయితే పూట కూడా ఉండనిచ్చేదాన్ని కాదు" అంది.

వాకిలంతా నవ్వింది. నేను నవ్వుతూనే ఏడ్చాను. పాస్టరుగారు అక్కడే స్తోత్రగీతం ఎత్తుకున్నారు. ఆ పాటలో నేను ఒక్క చరణం కూడా సరిగా పాడలేకపోయాను.

ప్రార్థన వెంటనే కాలేదు. మామ్మ పెట్టిన షరతు అది. తమ్ముడు ట్రాక్టరు బ్యాటరీతో కారును లేపాడు, నీలం లైట్ల వైర్లు పీకి భర్త చేతిలో పెట్టాడు. తలుపులు బార్లా తెరిచి, ఆ ఇంట్లో ఆ బండి ఎక్కబోయే ప్రతి మనిషినీ మామ్మ వెనక సీట్లో కూర్చోబెట్టి తాడు పట్టించింది. పాస్టరుగారికీ తప్పలేదు. "పైన కాదయ్యగారూ, మొదల్లో పట్టుకోవాలి" అంది. ఆయన వినయంగా మొదల్లో పట్టుకున్నారు. బిర్యానీ అడుగంటిందని లోపల నుంచి కేకలు వస్తున్నా ఎవరూ కదల్లేదు.

ఆ తరవాత నేను పనిచేసినన్నాళ్లూ మొదటిరోజు పాఠానికి నేర్చుకునేవాళ్లను ఒక్కళ్లనే రానివ్వలేదు. మీ కారులో వెనక ఎవరు కూర్చుంటారో వాళ్లను తీసుకురండి అనేదాన్ని. అత్తగార్లు వచ్చేవారు, తల్లులు వచ్చేవారు, మాకెందుకమ్మా ఇవన్నీ అంటూ సిగ్గుపడుతూ కూర్చునేవారు. తమ్ముడు గుమ్మంలో నిలబడి, "అక్క దగ్గర చేరితే ఇంటిల్లిపాదికీ దిగడం వచ్చేసిద్ది" అనేవాడు. కానీ తరవాత ఒకరోజు చూస్తే, తన బ్యాచీలో మగపిల్లలను కూడా వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపుల అడుగున తడుముకోమంటున్నాడు. నన్ను చూసి అటు తిరిగాడు. నేనూ చూడనట్టే వచ్చేశాను. యజమాని లోపల దగ్గారు.

ఆ రోజు ప్రార్థన అయ్యాక మొదటి ప్రయాణం పులిగడ్డ వారధి దాకా. నర్సమ్మ నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. వెనక ఎవరు కూర్చుంటారని అడగకముందే మామ్మ ఎక్కేసింది. ఇంట్లోవాళ్లందరూ వద్దన్నారు, ఈ పూట పడుకో అన్నారు. వినపడనట్టు ఊరుకుంది. వినపడలేదనే అనుకుందాం. వారధి మీద కృష్ణ గాలి అద్దాల్లోంచి కొట్టింది. కింద నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. నర్సమ్మ అద్దంలో వెనక్కి చూసి గట్టిగా అరిచింది.

"మామ్మా! ఆ చెయ్యి అక్కడెందుకు? పైకి తీసి హాయిగా కూర్చోవచ్చుగా!"

నేను తిరిగి చూశాను. మామ్మ చెయ్యి తలుపు అడుగు అరలో, చాప కింద ఉంది.

"ఉండనీవే. నువ్వు రోడ్డు చూసుకో" అంది మామ్మ, కళ్లు నది మీదే ఉంచి. "ఈ తలుపు నాది."